పిల్లలతో కలిసి ఇంట్లో ‘ఇన్‌సైడ్ అవుట్’ చూడడం ఎలా?

ఇంట్లో ఆరేడేళ్ళు దాటిన పిల్లలుంటే ‘ఇన్‌సైడ్ అవుట్’ సినిమా ఒక్కసారైనా వాళ్ళ పక్కన కూర్చుని చూడండి. టీవీలో పెట్టేసి మనం వంటింట్లోకో ఫోన్‌లోకో వెళ్ళిపోతే పిల్లలు రంగులూ పరుగులూ చూసి నవ్వుకుని లేచిపోతారు, అంతే. పక్కనే ఉండి చూస్తే మాత్రం, "ఏమైందమ్మా" అని ఎన్నిసార్లు అడిగినా "ఏం లేదు" అని తల తిప్పుకునే పిల్లలతో కూడా మాట కలిపే వీలు దొరుకుతుంది. ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఎక్కడ మనం మాట్లాడకుండా కూర్చోవాలి, తర్వాత ఏం అడగాలి అన్నవి ముందే కాస్త ఆలోచించుకుంటే చాలు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. 2015లో పిక్సార్ తీసిన సినిమా ఇది, దర్శకుడు పీట్ డాక్టర్. చలాకీగా గెంతులేసే తన కూతురు పదకొండేళ్ళు వచ్చేసరికి ముభావంగా మారిపోవడం చూసి, అసలు ఈ పిల్ల తలలో ఏం జరుగుతోంది అనుకోవడంతో కథ పుట్టింది. సినిమాలో రైలీ అనే పాప వయసూ పదకొండే. నాన్న పని కోసం మినెసోటా వదిలి శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చేస్తారు, స్నేహితురాలు, ఐస్ హాకీ టీమ్, ఆడుకున్న గడ్డకట్టిన చెరువు అన్నీ అక్కడే ఉండిపోతాయి. ఆ పిల్ల తలలో ఒక కంట్రోల్ రూమ్, అందులో ఐదుగురు: పసుపుపచ్చ జాయ్, నీలం రంగు శాడ్‌నెస్, ఎర్రటి యాంగర్, ఊదారంగు ఫియర్, ఆకుపచ్చ డిస్‌గస్ట్. మన మాటల్లో సంతోషం, దిగులు, కోపం, భయం, ఏవగింపు. జాయ్, శాడ్‌నెస్ ఇద్దరూ పొరపాటున ఆ గది బయటికి కొట్టుకుపోతారు, తిరిగి రావడమే కథ. పాల్ ఎక్మన్, డాకర్ కెల్ట్నర్ లాంటి పేరున్న మనస్తత్వ శాస్త్రవేత్తలతో మాట్లాడి తీశారు కాబట్టి, బొమ్మల సినిమాయే అయినా ఇందులో చెప్పే విషయం గట్టిది.

ముందు మీరొక్కరే చూసేయండి

ఇది మొదటి పని, దీన్ని మాత్రం వదిలేయకండి. గంటా ముప్పై అయిదు నిమిషాలే. పిల్లలు పడుకున్నాక ఒక రాత్రి చూసేస్తే సరిపోతుంది. ఎందుకంటే ఈ సినిమాలో పెద్దవాళ్ళకి తగిలే సన్నివేశాలు కొన్ని ఉన్నాయి, అవి మొదటిసారే పిల్లల పక్కన చూస్తే మన కళ్ళు తుడుచుకోవడంలోనే వాళ్ళని గమనించడం మర్చిపోతాం.

నేను ముఖ్యంగా చెప్పేది పడుకునే ముందు అమ్మ వచ్చి మాట్లాడే సన్నివేశం. కొత్త ఇల్లంతా దుమ్ము, సామాన్ల లారీ రాలేదు, నాన్న ఎప్పుడూ ఫోన్లోనే. అమ్మ మంచం దగ్గరికొచ్చి, నాన్న చాలా ఒత్తిడిలో ఉన్నాడు, మనిద్దరం నవ్వుతూ ఉంటే ఆయనకి తేలిగ్గా ఉంటుంది అన్నట్టు మాట్లాడుతుంది. ప్రేమగానే అంటుంది, వినేటప్పుడు తప్పేమీ అనిపించదు. "డాడీ అసలే టెన్షన్‌లో ఉన్నారు, నువ్వు సతాయించకు" అని మనమూ అంటుంటాం కదా, అదే ఇది. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ పిల్ల ఎన్ని రోజులు దిగులు మింగుతుందో, చివరికి ఎక్కడిదాకా వెళ్తుందో మిగతా సినిమా. ఇది మనసుకి పట్టాక పిల్లలతో చూడడానికి కూర్చుంటే మన చూపే మారిపోతుంది.

రోజు, టైము, భాష

మర్నాడు స్కూలు లేని రోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాక కాసేపాగి పెట్టండి. రాత్రిపూట పెడితే సినిమా అయ్యేసరికి నిద్రమత్తు, మాట్లాడుకోవడం ఉండదు. పరీక్షల ముందు వద్దు. ఇంట్లో గట్టిగా గొడవ జరిగిన రోజూ వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, "నీకు కోపం ఎక్కువ కదా, ఇది చూసి నేర్చుకో" అని మాత్రం కూర్చోబెట్టకండి. ఆ మాట అన్నారంటే సినిమా అక్కడికక్కడే హోంవర్క్ అయిపోతుంది. "మంచి సినిమా ఒకటుంది, చూద్దాం రా" అంటే చాలు.

డిస్నీ, పిక్సార్ సినిమాలకి మన దగ్గర జియోహాట్‌స్టార్, అమెరికాలో ఉన్నవాళ్ళకి డిస్నీ ప్లస్. ఒక రోజు ముందే తెరిచి సినిమా వస్తోందో లేదో, ఆడియోలో ఏ భాషలున్నాయో చూసి పెట్టుకోండి, పిల్లలు ఎదురుగా కూర్చున్నాక రిమోట్‌తో వెతుక్కుంటే సగం ఊపు అక్కడే పోతుంది. పిల్లలకి బాగా అర్థమయ్యే భాష ఏదైతే అదే పెట్టండి. ఇంగ్లిష్ నేర్చుకుంటారు కదా అని ఇంగ్లిష్ పెట్టకండి, ఇంగ్లిష్ నేర్పడానికి వేరే సినిమాలు బోలెడున్నాయి. ఇంగ్లిష్ తప్ప గత్యంతరం లేకపోతే సబ్‌టైటిల్స్ పెట్టి, చదవలేని చిన్నవాళ్ళకి చెవిలో తెలుగులో చెప్తూ ఉండండి, ఆ ముఖాలు చూస్తేనే సగం తెలిసిపోతుంది కాబట్టి మరీ ఎక్కువ చెప్పాల్సిన పని ఉండదు. కరెంటు పోయే ఊరైతే ట్యాబ్‌లో డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి.

గది పూర్తిగా చీకటి చేయకండి, ఒక చిన్న లైటు ఉండనివ్వండి. తినేవి ముందే పెట్టేయండి. పెద్దవాళ్ళ ఫోన్లు వేరే గదిలో. నానమ్మ, తాతయ్య ఉంటే వాళ్ళనీ పిలవండి. "ఇదేంటి, తలకాయలో మనుషులా" అని మొదట్లో అడుగుతారు, ఒక్క ముక్కలో చెప్పేస్తే తర్వాత వాళ్ళే లీనమైపోతారు. పైగా సినిమా అయ్యాక మాటల్లో వాళ్ళు చెప్పే విషయాలు పిల్లలకి ఎంత నచ్చుతాయో చెప్పలేను.

సినిమా నడుస్తున్నప్పుడు

ఆపి ఆపి వివరించకండి. "చూశావా, కోపం వస్తే ఏమవుతుందో" అనాలని నోటిదాకా వస్తుంది, ఆపుకోండి. పిల్లలు అడిగితే చెప్పండి, అడగకపోతే వదిలేయండి. మీరు తెరకన్నా ఎక్కువగా వాళ్ళని చూడండి. ఏ చోట నవ్వు ఆగిపోయింది, ఎక్కడ దుప్పటి అంచు వేళ్ళకి మెలిపెట్టడం మొదలుపెట్టారు, ఎక్కడ మెల్లగా జరిగి మీ మోచేతికి ఆనుకున్నారు, ఇవి గుర్తుపెట్టుకోండి, తర్వాత మాట మొదలుపెట్టడానికి పనికొస్తాయి. మా అమ్మాయి పిజ్జా మీద బ్రోకలీ వచ్చినప్పుడు పడి పడి నవ్వింది, రైలీ కొత్త క్లాసులో నిలబడి పాత ఊరి గురించి చెప్తూ చెప్తూ ఏడ్చేసినప్పుడు మాత్రం దిండు గడ్డం దాకా లాక్కుని అలాగే ఉండిపోయింది. కొత్త స్కూల్లో చేరి అప్పటికి ఎక్కువ రోజులు కాలేదు. అంతకుముందు ఎన్నిసార్లు అడిగినా స్కూలు బాగుందనే చెప్పింది.

అన్నట్టు ఆ బ్రోకలీని జపాన్‌లో విడుదల చేసినప్పుడు పచ్చ క్యాప్సికమ్‌గా మార్చారు, అక్కడి పిల్లలు ముఖం చిట్లించేది దానికే అని. మన పిల్లలకైతే ఏం పెట్టాలి అని అడగండి, కాకరకాయా బెండకాయా అని పెద్ద చర్చ నడుస్తుంది. ఇలాంటి సరదా ప్రశ్నలకి మధ్యలో అభ్యంతరం లేదు.

పిల్లలు అడగకపోయినా మీరు మనసులో పెట్టుకోవాల్సిన చోటు ఇంకొకటి ఉంది. స్కూలు మొదటి రోజు జాయ్ నేల మీద సుద్దముక్కతో ఒక చిన్న గుండ్రం గీసి, శాడ్‌నెస్‌ని అందులో నిలబెట్టి, నీ దిగులంతా ఈ గీత దాటకుండా చూసుకో అంటుంది. నవ్వుతూ చెప్తుంది, చూసేవాళ్ళూ నవ్వుతారు. "ఏడవకు, అందరూ చూస్తున్నారు" అని పెళ్ళిళ్ళలో, బస్సుల్లో మనం పిల్లల చుట్టూ గీసే గీత అదే.

మధ్యలో ఆపాల్సి వస్తే

చిన్నపిల్లలు గంటన్నర కదలకుండా కూర్చోలేరు. ఎక్కడ పడితే అక్కడ ఆపకుండా, మాటలు జరిగే చోట అస్సలు ఆపకుండా, ఆలోచనల రైలు ఆగిపోయే చోట ఆపండి. రైలీ నిద్రపోతుంది కాబట్టి ఆమె తలలో రైలు కూడా ఆగిపోతుంది. కథలోనే రాత్రి అయింది, పిల్లలకి కూడా ఇంటర్వెల్ అంటే సబబుగా ఉంటుంది. నీళ్ళు, బాత్రూమ్ అన్నీ అప్పుడే.

ఇంకో కారణం కూడా ఉంది. దీని తర్వాత కలల స్టూడియో దాటాక చీకటి గుహలాంటి చోటుకి వెళ్తారు, అక్కడ ఒక పెద్ద జోకర్ బొమ్మ ఉంటుంది. ఐదారేళ్ళ పిల్లలు అక్కడ భయపడతారు. "కాసేపట్లో ఒక పెద్ద జోకర్ వస్తాడు, కొంచెం భయంగా ఉంటుంది, తొందరగానే అయిపోతుంది" అని ఇంటర్వెల్‌లోనే చెప్పి ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. భయపడితే ముందుకి జరిపేయండి, కథేమీ దెబ్బతినదు.

బింగ్ బాంగ్ ఏడ్చే చోటు

మిగతా సూచనలన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. సినిమా మొత్తానికి నాకు గుండెకాయలాంటి సన్నివేశం ఇదే, పైన చెప్పిన ఇంటర్వెల్‌కి కొంచెం ముందు వస్తుంది.

బింగ్ బాంగ్ అంటే రైలీ మూడేళ్ళప్పుడు ఊహించుకున్న స్నేహితుడు. ఒంటికి పీచుమిఠాయి, ముఖానికి ఏనుగు తొండం, ఏడిస్తే కన్నీళ్ళకి బదులు చాక్లెట్లు రాలతాయి. వాడి రాకెట్ బండిని పనివాళ్ళు చెత్త అనుకుని మరుపు అగాధంలోకి తోసేస్తారు. వాడు కూలబడిపోతాడు. జాయ్ వెంటనే రంగంలోకి దిగుతుంది: చక్కిలిగిలి పెడుతుంది, వెక్కిరింపు ముఖాలు పెడుతుంది, పద ఆట ఆడదాం అంటుంది. వాడు కదలడు. అప్పుడు శాడ్‌నెస్ వెళ్ళి పక్కన కూర్చుంటుంది. నీ రాకెట్ తీసేశారు కదా, నీకెంతో ఇష్టమైనది పోయింది కదా అంటుంది. జాయ్ కంగారుపడిపోతుంది, వాడిని ఇంకా ఏడిపిస్తున్నావేంటని. వాడు మాట్లాడడం మొదలుపెడతాడు, రైలీతో తిరిగిన రోజులు చెప్పుకుంటాడు, శాడ్‌నెస్ భుజం మీద వాలి చాక్లెట్లు రాలేలా ఏడుస్తాడు, తర్వాత ముఖం తుడుచుకుని తనంతట తనే లేచి పద పోదాం అంటాడు. అదెలా చేశావని జాయ్ ఆశ్చర్యపోతుంది. శాడ్‌నెస్‌కి అదొక గొప్ప పనని కూడా తెలియదు, వాడికి బాధగా ఉంది, నేను విన్నాను అంటుంది.

సినిమా తీసేటప్పుడు మొదట జాయ్‌కి తోడుగా పంపాలనుకున్నది ఫియర్‌ని. చాలాదూరం పని జరిగిపోయాక పీట్ డాక్టర్‌కి కథ నిలబడడం లేదనిపించి, ఫియర్‌ని పక్కనపెట్టి శాడ్‌నెస్‌ని తెచ్చాడు. ఆ మార్పు జరగకపోతే ఈ సన్నివేశమే లేదు.

ఇది నడుస్తున్నప్పుడు మీరేమీ అనకండి. ఈ సన్నివేశాన్ని ఇంట్లో వాడుకోవాల్సింది మనం, పిల్లలు కాదు. ఎలాగంటే, వారం తిరిగేలోగా ఏదో ఒక చిన్న దుఃఖం వస్తుంది, పిల్లలున్న ఇంట్లో రాకుండా ఉండదు. స్కూల్లో పెన్సిల్ బాక్స్ పోయిందని ముఖం వేలాడేసుకుని వస్తాడు అనుకోండి. మన నోటికి ముందు వచ్చేవి ఇవి: "పోతే పోయిందిలే, కొత్తది కొనిస్తా." "జాగ్రత్తగా పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాను?" "దానికే ఏడుస్తారా, మగపిల్లాడివి." ఈ మూడూ పక్కనపెట్టి, బ్యాగు కూడా తీయించకుండా పక్కన కూర్చుని, "అయ్యో, తాతయ్య తెచ్చింది కదా అది, నీకు చాలా ఇష్టం" అనండి. అని ఆగండి. ఆ ఆగడమే కష్టం, నాలుగైదు క్షణాలు కూడా చాలా పొడుగ్గా అనిపిస్తాయి, మధ్యలో ఏదో ఒకటి చెప్పి సర్దేయాలనిపిస్తుంది. చెప్పకండి. వాడే మొదలుపెడతాడు. ఏ పీరియడ్‌లో పోయిందో, ఎవడు నవ్వాడో, అన్నీ వస్తాయి, చాలాసార్లు అసలు బాధ పెన్సిల్ బాక్స్ గురించి అయి ఉండదని కూడా అక్కడే తెలుస్తుంది. కొత్తది కొనాలా వద్దా అన్నది మర్నాడు చూసుకోవచ్చు.

ఏడిస్తే ఏం చేయాలి

చివరి ముప్పావు గంటలో రెండు చోట్ల కన్నీళ్ళు వస్తాయి. మొదటిది, జాయ్‌ని పైకి పంపడానికి తను ఆ మరుపు అగాధంలోనే ఉండిపోయి బింగ్ బాంగ్ మాయమైపోయే చోటు. "చచ్చిపోయాడా?" అని అడుగుతారు. "లేదు లేదు, మళ్ళీ వస్తాడు" అని అబద్ధం చెప్పకండి, రెండో భాగంలో వస్తాడేమో అని ఎదురుచూస్తారు. "రైలీ పెద్దదైంది కదా, వాడిని మర్చిపోయింది, వాడు రైలీ కోసమే ఆ పని చేశాడు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఈ మధ్యే ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే ఇక్కడ పిల్లలకి వాళ్ళు గుర్తుకొస్తారు. సినిమా ఆపేసి వాళ్ళ గురించే మాట్లాడుకోండి, మిగతాది ఇంకో రోజు చూడొచ్చు.

రెండోది, పాత ఊరికి పారిపోబోయిన రైలీ ఇంటికి తిరిగొచ్చి, నేను సంతోషంగా ఉండాలని మీకుంది, నాకు మాత్రం మన పాత ఊరు కావాలి అని అమ్మానాన్నల ముందు ఏడ్చే చోటు. ఇక్కడ వాళ్ళు కోప్పడరు, సర్దిచెప్పరు, మాకూ ఆ ఊరు గుర్తొస్తోంది అంటూ ఏమేం గుర్తొస్తున్నాయో చెప్తారు. మీ పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి. మీకు వచ్చినా దాచుకోకండి. నాన్నలకి ప్రత్యేకంగా చెప్తున్నాను.

సినిమా అయిపోగానే టీవీ కట్టేయకండి. ‘తర్వాతి వీడియో’ దానంతటదే మొదలుకాకుండా ఆటోప్లే ముందే తీసేసి ఉంచితే, పేర్లు పడేటప్పుడు టీచర్, బస్సు డ్రైవర్, కుక్క, పిల్లి తలల్లో ఏముందో చూపిస్తారు. అంత ఏడుపు తర్వాత పిల్లలు అక్కడ హాయిగా నవ్వుతారు.

తర్వాత మాటలు

వెంటనే "ఏం నేర్చుకున్నావు?" అని అడగకండి. ఆ ప్రశ్న స్కూలుది. ఆ రోజుకి వదిలేసినా నష్టం లేదు. జడ వేస్తున్నప్పుడు, బండి మీద ట్యూషన్‌కి తీసుకెళ్తున్నప్పుడు, బట్టలు మడతపెడుతున్నప్పుడు అడగండి, ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే రాని మాటలు అప్పుడు వస్తాయి.

ముందు మీ సంగతి చెప్పండి. "ఇవాళ ఆఫీసులో అందరి ముందూ మాట పడ్డాను, ఇంటికొచ్చేదాకా నా తలలో ఆ ఎర్రవాడే కూర్చున్నాడు" అంటే పిల్లలు చెవులు రిక్కించి వింటారు, ఆనక వాళ్ళదీ చెప్తారు. సినిమాలో ఇంకో విషయం ఉంది: భోజనాల దగ్గర అమ్మ తల లోపల చూపిస్తే అక్కడ మధ్యలో కూర్చుని నడిపేది శాడ్‌నెస్, నాన్న తలలో యాంగర్. "మన ఇంట్లో నా తలలో ఎవరున్నారు?" అని పిల్లల్ని అడగండి. వచ్చే జవాబు నచ్చకపోవచ్చు, వాదించకండి.

రాసుకోవడం, బొమ్మలేయడం ఇష్టమైన పిల్లలకి ఒక పెద్ద కాగితం, రంగు పెన్సిళ్ళు ఇవ్వండి. రైలీ మనసులో కుటుంబం, స్నేహం, నిజాయితీ, హాకీ, అల్లరి అని ద్వీపాలున్నట్టే వాళ్ళ ద్వీపాలు వేయమనండి. క్రికెట్ ద్వీపం రావచ్చు, అమ్మమ్మగారి ఊరి ద్వీపం రావచ్చు, చదువుల ద్వీపం రాకపోవచ్చు. "చదువేదీ?" అని మాత్రం అడగకండి.

కాస్త పెద్దపిల్లలైతే రైలీ హాకీ జ్ఞాపకం గురించి మాట్లాడండి. సినిమాలో ఒక్కో జ్ఞాపకం ఆ భావం రంగులో ఒక గోళీలా ఉంటుంది. జట్టంతా రైలీని భుజాలకెత్తుకున్న ఆ పసుపుపచ్చ గోళీలో మొదటి భాగం నీలంగా ఉందని జాయ్‌కి ఆలస్యంగా తెలుస్తుంది. గోల్ కొట్టలేక ఆ పిల్ల ఒంటరిగా కూర్చుని ఏడుస్తుంటేనే అమ్మానాన్నలు వచ్చారు, వాళ్ళ వెనక జట్టు వచ్చింది. "నువ్వు ఏడిస్తే ఎవరైనా వచ్చి పక్కన కూర్చున్నారా?" అని అడిగి చూడండి.

సినిమాలో మాటల్ని దెప్పడానికి వాడకండి. పిల్లలు గొడవపడుతుంటే "అదిగో, ఎర్రవాడు లేచాడు" అన్నారంటే ఆ రోజుతో వాళ్ళు ఆ మాట మానేస్తారు. వాళ్ళంతట వాళ్ళు వాడితే సంతోషించండి.

ఊరు మారిన పిల్లలుంటే

బదిలీల ఉద్యోగాలు, పల్లె నుంచి హైదరాబాద్, విజయవాడ నుంచి డాలస్, అక్కడి నుంచి మళ్ళీ వెనక్కి, లేదా ఆరో తరగతికే హాస్టల్. మన ఇళ్ళలో ఇవన్నీ పెద్దవాళ్ళు తీసుకునే నిర్ణయాలు, పిల్లలకి తెలిసేసరికి సామాన్లు కట్టేసి ఉంటాయి. ఇలాంటి పిల్లలతో ఈ సినిమా ఊరు మారాక రెండు మూడు నెలలకి చూడండి, మారిన వారంలోనే వద్దు, పుండు మరీ పచ్చిగా ఉంటుంది. చూశాక, పాత ఊళ్ళో మీకు గుర్తొచ్చేవి ముందు మీరు చెప్పండి, మేడ మీద గాలి, పక్కింటి పిన్నిగారి పిలుపు, ఏదైనా. ఆ తర్వాత పాత ఊరి స్నేహితులకి వీడియో కాల్ చేయించండి. హాస్టల్లో ఉన్న పిల్లలైతే సెలవులకి వచ్చిన మొదట్లోనే చూడండి, తిరిగి వెళ్ళే ముందురోజు చూస్తే బెంగ ఇంకా పెరుగుతుంది.

రెండో భాగం ఎప్పుడు?

‘ఇన్‌సైడ్ అవుట్ 2’ 2024లో వచ్చింది, దర్శకుడు కెల్సీ మాన్. రైలీకి పదమూడేళ్ళు వచ్చాయి, తలలోకి ఆందోళన, అసూయ, సిగ్గు, విసుగు కొత్తగా చేరతాయి. రెండూ ఒకేరోజు చూడకండి. పదేళ్ళు దాటినవాళ్ళకే ఇది బాగా అందుతుంది, ఎనిమిది, తొమ్మిది, పదో తరగతుల పిల్లలకైతే మొదటిదానికన్నా ఇదే దగ్గరగా అనిపిస్తుంది. రాత్రి పడుకున్నాక యాంగ్జైటీ అనే పాత్ర రేపు జరగబోయే అనర్థాలన్నీ బొమ్మలుగా గీయిస్తూ ఉంటుంది. ర్యాంకులు, ఎంట్రన్సుల మధ్య పెరిగే మన పిల్లలకి దీన్ని వివరించాల్సిన పని లేదు.

చివర్లో ఆట మధ్యలో రైలీకి గుండె దడ, ఊపిరి అందకపోవడం, ఏమీ వినిపించకపోవడం వస్తాయి, ఆ సన్నివేశం చాలా నిజంగా తీశారు. అక్కడ మీ పిల్లలు "నాకూ ఇలాగే అవుతుంది" అంటే సినిమా ఆపండి. ఎప్పుడెప్పుడు అవుతుంది, ఎంతసేపు ఉంటుంది అని మెల్లగా అడగండి, "ఏం కాదులే, చదువు మీద ధ్యాస పెట్టు" అని కొట్టిపారేయకండి. తరచుగా వస్తున్నా, నిద్రా తిండీ తగ్గినా పిల్లల డాక్టర్‌కో సైకాలజిస్ట్‌కో చూపించండి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ 14416, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు తీసుకోరు. పిల్లలే ఫోన్ చేస్తానంటే చేయనివ్వండి, కావాలంటే మీరు పక్క గదిలో ఉండండి.